ఆయుష్షు దక్కిన తరవాత

(ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధితో కన్నుమూసినవారి స్మృతిలో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)



స్మారకోపన్యాసాలు సాధారణంగా ఒక మహనీయుని పేరిట జరుగుతాయి. ఆయన కృషిని నాలుగు మాటల్లో తలచుకుని, ఆ వెలుగులో ఒక విషయాన్ని విచారించడం ఆనవాయితీ. ఈ సభ నిర్వాహకులు ఆ ఆనవాయితీని కొంత సవరించారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మూత్రపిండాల వ్యాధితో వెళ్ళిపోయిన రైతులకు, కూలీలకు, మత్స్యకారులకు, గృహిణులకు ఈ ఉపన్యాసాన్ని అంకితం చేశారు. వారి పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో ఎండనక వాననక కష్టపడినవారు వారు. షుగరు లేదు, బీపీ లేదు, అయినా నడివయసులోనే నీరసం కమ్మింది. పరీక్ష చేయించుకునేసరికి క్రియాటినిన్ అదుపు తప్పి ఉంది. 2019లో, 2020లో అచ్చయిన రెండు సర్వేలు ఇక్కడి పెద్దవాళ్ళలో ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరికి దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఉందని చూపాయి. నీరా, ఎండా, పురుగుమందులా, వంశపారంపర్యమా, ఇవన్నీ కలిసి చేసిన పనా అన్నది శాస్త్రలోకం ఇంకా తేల్చలేదు. కారణం తేలేదాకా వ్యాధి ఆగదు కదా. అందుకే ఈ నేల మీద డయాలసిస్ గురించి మాట్లాడటం ఒక వైద్య విషయాన్ని చర్చించడం మాత్రమే కాదు, ఇంటింటి సంగతి మాట్లాడుకోవడం.

ఈ రోజు మీ ముందు ఉంచదలచిన ప్రతిపాదన ఒక్కటే. మనిషికి డయాలసిస్ చేయడం మొదలై ఒక శతాబ్దం దాటింది. ఈ కాలంలో వైద్యమూ సమాజమూ మూడు ప్రశ్నలకు వరుసగా జవాబు వెతుక్కుంటూ వచ్చాయి. మూత్రపిండాలు పనిచేయని మనిషిని బతికించగలమా? బతికించగలిగితే ఎవరిని బతికించాలి? అందుకయ్యే ఖర్చు ఎవరు భరించాలి? ఈ మూడింటికీ సంపూర్ణంగా కాకపోయినా చెప్పుకోదగ్గ జవాబులు దొరికాయి. నాలుగో ప్రశ్న మిగిలింది. ఆయుష్షు దక్కిన తరవాత ఆ మనిషి ఎలా బతుకుతున్నాడు? డయాలసిస్‌లో ఏ పద్ధతి మేలు అన్నది ఈ నాలుగో ప్రశ్నను బట్టే తేలాలనీ, అలా తేల్చుకోవడంలో మొదటి మాట రోగిదే కావాలనీ నా వాదన.

మొదటి ప్రశ్న: బతికించగలమా?

ఆరోగ్యవంతుని మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగడతాయి. అందులో ఒకటిన్నర, రెండు లీటర్లు మూత్రంగా పోగా తక్కినదంతా మళ్ళీ రక్తంలో కలిపేస్తాయి. రక్తపోటును అదుపులో ఉంచుతాయి, ఎముకలకు కావలసిన విటమిన్ డిని పనికొచ్చే రూపంలోకి మారుస్తాయి, ఎర్ర రక్తకణాల తయారీకి ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోనును పంపుతాయి. వారంలో ఉన్న 168 గంటలూ అవి పనిచేస్తూనే ఉంటాయి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ చేయించుకునే మనిషికి ఆ 168 గంటల పనిని పన్నెండు గంటల్లో ముగించాల్సి వస్తుంది. వారానికి రెండుసార్లే అయితే ఎనిమిది గంటల్లో. రోగి పడే బాధల్లో సగం ఈ లెక్కలోనే ఉన్నాయి.

స్కాట్లండుకు చెందిన రసాయన శాస్త్రజ్ఞుడు థామస్ గ్రాహం 1861లో, పలుచని పొర గుండా కొన్ని పదార్థాలు దాటిపోయి కొన్ని ఆగిపోతాయని చూపి, ఆ ప్రక్రియకు డయాలసిస్ అని పేరు పెట్టాడు. 1913లో అమెరికాలో జాన్ ఏబెల్ బృందం జంతువుల రక్తాన్ని ఆ సూత్రం మీద శుద్ధి చేసింది. 1924లో జర్మనీలో గియోర్గ్ హాస్ తొలిసారి మనిషి మీద ప్రయోగించాడు. కాని ప్రాణం నిలబెట్టిన ఘనత విలెమ్ కోల్ఫ్‌ది. నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, కాంపెన్ అనే చిన్న పట్టణంలోని ఆసుపత్రిలో, 1943లో ఆయన చెక్క బద్దల డ్రమ్ముకు సెల్లోఫేన్ గొట్టం చుట్టి, మనిషికి పనికొచ్చే తొలి కృత్రిమ మూత్రపిండాన్ని తయారుచేశాడు. తొలి పదహారుమంది రోగుల్లో దాదాపు అందరూ చనిపోయారు. ఆయన ఆపలేదు. 1945లో అపస్మారక స్థితిలో ఉన్న అరవై ఏడేళ్ళ స్త్రీ ఆ యంత్రం సాయంతో కళ్ళు తెరిచింది, ఆ తరవాత ఏళ్ళ తరబడి బతికింది. మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. అయితే ఆ జవాబు కొద్ది రోజుల్లో మూత్రపిండాలు తిరిగి కోలుకునేవారికే పనికొచ్చింది. ప్రతిసారీ కొత్త రక్తనాళాన్ని కోయాలి. రక్తనాళాలు అయిపోతే చికిత్సా అయిపోయినట్టే.

ఆ గోడను బద్దలుకొట్టినవాడు అమెరికాలోని సియాటిల్ నగర వైద్యుడు బెల్డింగ్ స్క్రిబ్నర్. 1960 మార్చిలో ఆయన బృందం టెఫ్లాన్ గొట్టాన్ని రోగి ముంజేతి రక్తనాళాల మధ్య శాశ్వతంగా అమర్చింది. తొలి రోగి క్లైడ్ షీల్డ్స్ బోయింగ్ కర్మాగారంలో యంత్రాల మీద పనిచేసే కార్మికుడు. ఆ చికిత్సతో ఆయన మరో పదకొండేళ్ళు బతికాడు. 1966లో బ్రెషియా, సిమినో మొదలైనవారు గొట్టం అవసరం లేకుండా చేతిలోనే ధమనిని సిరతో కలిపే శస్త్రచికిత్సను ప్రకటించారు. అదే ఫిస్టులా. ఈ సభలో చాలామంది ఎడమ చేతి మీద ఉన్నది అదే. వేలు ఆనిస్తే చర్మం కింద జివ్వుమని రక్తం పరుగు తెలుస్తుంది. ఆ చేతికి బీపీ చూడనివ్వరు, డయాలసిస్‌కు తప్ప సూది గుచ్చనివ్వరు, నీళ్ళ బిందె ఎత్తనివ్వరు.

రెండో ప్రశ్న, మూడో ప్రశ్న

ప్రాణం నిలుస్తుందని తేలగానే ధర్మసంకటం ఎదురైంది. 1962లో సియాటిల్‌లో డయాలసిస్ కేంద్రం తెరిచినప్పుడు యంత్రాలు వేళ్ళ మీద లెక్కించదగినన్ని. వరుసలో నిలబడ్డ రోగులు ఎందరో. ఎవరికి ఇవ్వాలో నిర్ణయించడానికి ఏడుగురు పౌరులతో ఒక సంఘాన్ని వేశారు. ఒక న్యాయవాది, ఒక మతబోధకుడు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక ప్రభుత్వాధికారి, ఒక కార్మిక నాయకుడు, ఒక సర్జన్. వయసు, కుటుంబం, ఆదాయం, సమాజానికి ఉపయోగపడే తీరు చూసి వారు పేర్లు ఖాయం చేసేవారు. అదే ఏడాది నవంబరులో షానా అలెగ్జాండర్ అనే పాత్రికేయురాలు లైఫ్ పత్రికలో ఈ సంగతి రాసేసరికి అమెరికా ఉలిక్కిపడింది. వైద్యనీతిశాస్త్రం ఒక ప్రత్యేక విద్యగా ఎదగడానికి ఈ ఉదంతం పెద్ద కారణమైంది.

అదే సంఘం ఒక హైస్కూలు బాలిక దరఖాస్తును తిరస్కరించింది. పిల్లలను తీసుకోకూడదన్నది నియమం. ఆ అమ్మాయి తండ్రికి స్నేహితుడైన ఇంజనీరు లెస్ బాబ్ తన బృందంతో కలిసి 1964లో ఇంట్లో పెట్టుకోదగిన చిన్న యంత్రాన్ని తయారుచేసి ఇచ్చాడు. తల్లి ఆ యంత్రం నడపడం నేర్చుకుంది. బాలిక ఇంట్లోనే డయాలసిస్ చేసుకుంటూ చదువు కొనసాగించింది. చరిత్రలో ఈ ఘట్టానికి రావలసినంత పేరు రాలేదు. ఆసుపత్రి తలుపు మూసుకున్నచోట ఇల్లే ఆసుపత్రి అయిందనీ, రోగి దినచర్యకు తగ్గట్టు యంత్రాన్ని మలచవచ్చుననీ అప్పుడే రుజువైంది.

ఇక మూడో ప్రశ్న. 1971 నవంబరులో షెప్ గ్లేజర్ అనే రోగి అమెరికా చట్టసభ కమిటీ ఎదుట, సభ్యులు చూస్తుండగా, డయాలసిస్ యంత్రం అమర్చుకుని కూర్చున్నాడు. మరుసటి ఏడాది అక్టోబరులో, మూత్రపిండాలు విఫలమైనవారి చికిత్స ఖర్చు ప్రభుత్వమే భరించే చట్టం వచ్చింది. 1973 జులై నుంచి అది అమలైంది. సియాటిల్ తరహా సంఘాలకు కాలం చెల్లింది. అది గొప్ప విజయం, సందేహం లేదు. కాని ఆ విజయం వెంట ఒక పరిణామం వచ్చింది. ఆ చట్టానికి ముందు అమెరికాలో డయాలసిస్ రోగుల్లో దాదాపు నలభై శాతం మంది ఇంట్లోనే చేసుకునేవారు. డబ్బు కేంద్రాలకు ప్రవహించడం మొదలయ్యాక ఇంటి డయాలసిస్ వాటా కొన్నేళ్ళలోనే పడిపోయింది. రోగులు మారలేదు, వారి శరీరాలు మారలేదు. చెల్లింపు పద్ధతి మారింది, దాంతో చికిత్స పద్ధతి మారింది.

ఆ పాఠం మనకూ వర్తిస్తుంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదవాడికి డయాలసిస్‌ను అందుబాటులోకి తెచ్చింది. అంతకుముందు డయాలసిస్ అంటే పొలం అమ్మడమో, మధ్యలో మానేసి ఇంటికి వచ్చెయ్యడమో. 2016 కేంద్ర బడ్జెట్ ప్రసంగం దేశంలో ఏటా 2.2 లక్షలమంది కొత్తగా చివరిదశ మూత్రపిండ వ్యాధికి లోనవుతున్నారనీ, ఒక్కో డయాలసిస్‌కు సుమారు 2,000 రూపాయలనీ, ఏడాదికి మూడు లక్షలు దాటుతోందనీ లెక్క చెప్పి జాతీయ డయాలసిస్ కార్యక్రమాన్ని ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను ఇచ్చే ఏర్పాటు జరిగింది. 2023 డిసెంబరులో పలాసలోనే రెండు వందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇవన్నీ మూడో ప్రశ్నకు మన సమాజం ఇచ్చిన జవాబులు. వీటిని తక్కువ చేసి మాట్లాడటం కృతఘ్నత అవుతుంది. అయితే వీటి లెక్కలన్నీ ఎన్ని యంత్రాలు, ఎన్ని సెషన్లు అన్న దగ్గర ఆగిపోతున్నాయి. సెషన్ ముగిశాక ఇంటికెళ్ళిన మనిషి సంగతి ఏ రిజిస్టరులోనూ ఎక్కడం లేదు.

రెండు పద్ధతులు, రెండు దినచర్యలు

ఆ రిజిస్టరులోకి ఎక్కని జీవితాన్ని కాస్త దగ్గరగా చూద్దాం.

సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో నలభై ఏళ్ళ రైతు వారానికి రెండుసార్లు హీమోడయాలసిస్‌కు వెళతాడు. తెల్లవారకముందే లేచి ఆటోలో కేంద్రానికి చేరతాడు. మొదట బరువు చూస్తారు. పోయినసారికీ ఈసారికీ పెరిగిన బరువంతా ఒంట్లో నిలిచిన నీరే. చేతికి రెండు లావుపాటి సూదులు గుచ్చుతారు. నాలుగు గంటల పాటు రక్తం నిమిషానికి పావులీటరుకు పైగా బయటికి వచ్చి, శుద్ధి అయి, లోపలికి వెళుతుంది. ఒక్క సెషన్‌కు సుమారు 120 లీటర్ల శుద్ధమైన ద్రవం ఆ పొరకు అవతల ప్రవహిస్తుంది. నీరు తొందరగా తీసేస్తే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. సూదులు తీసి, దూదితో అదిమిపట్టి, మళ్ళీ ఆటో ఎక్కి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆ పూట అతను మంచం దిగలేడు. పలు దేశాల్లో జరిగిన ఒక పెద్ద పరిశీలనలో, డయాలసిస్ తరవాత తేరుకోవడానికి ఆరు గంటలకు పైగా పడుతోందని నాలుగో వంతుకు మించిన రోగులు చెప్పారు. అంటే నాలుగు గంటల చికిత్స ఒక రోజంతటినీ తీసుకుపోతోంది.

మిగిలిన రోజులన్నా అతనివేనా? రోజుకు తాగదగిన నీళ్ళు ఒక లీటరుకు అటూ ఇటూ. ఆ కొలతలోనే మజ్జిగ, టీ, చారు అన్నీ. ఆకుకూరలు, దుంపలు ఉడికించి నీళ్ళు వంచేసుకోవాలి. పొటాషియం పెరిగితే గుండె ఆగే ప్రమాదం. అందుకే తన చెట్టు మీది బొండం నీళ్ళు అతను తాగకూడదు. ఎండలో పనిచేసి వచ్చినవారికి బొండం కొట్టి ఇస్తాడు, తను మాత్రం గ్లాసు ముట్టుకోడు. ఉద్దానంలో పుట్టినవాడికి ఇంతకంటే పెద్ద లోటు ఏం చెప్పాలి?

ఇదే ప్రాంతంలో మరొక ఇల్లు. ఇద్దరు బడిపిల్లల తల్లి పెరిటోనియల్ డయాలసిస్ చేసుకుంటోంది. జనం దీన్ని పొట్ట డయాలసిస్ అంటారు. ఇక్కడ యంత్రం లేదు, సూది లేదు. కడుపులోని పెరిటోనియం పొరే వడపోత. మెత్తని గొట్టం ఒకటి పొట్టలో శాశ్వతంగా ఉంటుంది. ఉదయం పిల్లలు లేవకముందు ఒకసారి, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి పడుకునేముందు. ప్రతిసారీ గది తలుపు మూస్తుంది, ఫ్యాను ఆపుతుంది, మాస్కు కట్టుకుని చేతులు మోచేతుల దాకా రుద్ది కడుగుతుంది. గోడకు కొట్టిన కొక్కేనికి రెండు లీటర్ల సంచి తగిలిస్తుంది. కడుపులోని పాత ద్రవం కింది సంచిలోకి దిగాక కొత్తది ఎక్కించుకుంటుంది. అరగంట పని. దిగిన ద్రవాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తుంది. తేటగా, లేత పసుపు రంగులో ఉంటే మంచిది. మబ్బుగా ఉంటే ఇన్ఫెక్షన్, అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తాలి. మధ్యాహ్నం సంచి మార్చుకున్నాక ఆమె కుట్టుమిషను మీద కూర్చుంటుంది. నీళ్ళ మీద, పండ్ల మీద ఆంక్షలు ఆమెకు కొంత సడలుతాయి. శుద్ధి రాత్రింబగళ్ళు మెల్లగా సాగుతుంది కాబట్టి డయాలసిస్ అయ్యాక వచ్చే ఆ సోలిపోవడం ఉండదు. మూత్రం ఎంతో కొంత వచ్చే శక్తి కూడా ఈ పద్ధతిలో ఎక్కువకాలం నిలుస్తుంది.

అలాగని ఇది బరువు లేని బతుకు కాదు. ఇందులో సెలవు రోజు లేదు. పండగ నాడూ పెళ్ళి నాడూ నాలుగుసార్లు తప్పదు. ద్రవంలోని చక్కెర ఒంటికి పడుతుంది, ప్రొటీను రోజుకు కొన్ని గ్రాములు బయటికి పోతుంది. సంచుల అట్టపెట్టెలు గదిలో సగం ఆక్రమిస్తాయి. కొన్నేళ్ళకు ఆ పొర అలసిపోయి వడపోత మందగిస్తుంది. శుభ్రమైన గది, మంచి నీరు, పక్కన ఒక మనిషి లేనివారికి ఈ పద్ధతి కష్టం. అటువంటివారికి కేంద్రంలో నర్సు చేతుల్లో నాలుగు గంటలు గడిపి రావడమే నిశ్చింత.

ఈ రెండో పద్ధతికీ దీర్ఘ చరిత్ర ఉంది. 1923లో జర్మనీలో గాంటర్ ప్రయత్నాలతో మొదలై, 1968లో టెంకాఫ్ రూపొందించిన గొట్టంతో స్థిరపడింది. 1976లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో పాపొవిచ్, మాంక్రీఫ్ రోజంతా సాగే పద్ధతిని ప్రకటించారు. టొరంటోలో ఒరియోపౌలస్ గాజు సీసాల బదులు ప్లాస్టిక్ సంచులు తెచ్చి దాన్ని మామూలు ఇళ్ళలోకి చేర్చాడు. 1985 నుంచి హాంకాంగ్ ఈ పద్ధతికే మొదటి స్థానం ఇచ్చింది, అక్కడి డయాలసిస్ రోగుల్లో అత్యధికులు ఇంట్లోనే చేసుకుంటారు. మన దేశంలో ఇది నేటికీ చాలా కొద్దిమందికే పరిమితం. హాంకాంగ్ రోగికీ మన రోగికీ ఒంటి తీరులో తేడా లేదు. తేడా అంతా ప్రభుత్వం దేనికి చెల్లిస్తుంది, వైద్యుడు దేన్ని ముందు చెబుతాడు అన్నదాంట్లో ఉంది.

నాణ్యతను ఎలా కొలుస్తాం?

జీవన నాణ్యత కొలతకు అందదని కొందరి అభిప్రాయం. కాని 1990ల నుంచి మూత్రపిండ రోగుల కోసమే రూపొందిన ప్రశ్నావళులు ఉన్నాయి. మెట్లెక్కగలుగుతున్నారా, నిద్ర పడుతోందా, ఒళ్ళు దురద పెడుతోందా, జబ్బు వల్ల ఇంటివాళ్ళకు భారమవుతున్నామన్న బాధ ఉందా అని అవి అడుగుతాయి. రోగులను సంప్రదించి పరిశోధకులు తయారుచేసిన ప్రాధాన్యాల జాబితాలో అలసట ముందు వరుసలో నిలిచింది. వైద్యులమైన మేము యూరియా, ఫాస్ఫరస్, హిమోగ్లోబిన్ చూస్తాం. రోగి తన కాళ్ళలో సత్తువ చూసుకుంటాడు. రెండూ ఒకటి కావు.

ఏ పద్ధతి మేలన్నదానికి శాస్త్రం ఏం చెబుతోంది? 2004లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో, తమకు అందుతున్న సేవ అత్యుత్తమమని పెరిటోనియల్ డయాలసిస్ రోగుల్లో 85 శాతం మంది చెప్పగా, హీమోడయాలసిస్ రోగుల్లో 56 శాతం మంది మాత్రమే చెప్పారు. 2010లో వచ్చిన మరో ప్రయోగం వారానికి ఆరుసార్లు డయాలసిస్ చేయించుకున్నవారి శారీరక ఆరోగ్యం మూడుసార్లు చేయించుకున్నవారికంటే మెరుగని తేల్చింది. విరామం పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుందనీ, రెండు రోజుల ఎడం తరవాత మరణాలు ఎక్కువగా నమోదవుతున్నాయనీ 2011 నాటి అధ్యయనం చూపింది. వారానికి రెండుసార్లతో సరిపెట్టుకుంటున్న మన రోగుల విషయంలో దీన్ని గంభీరంగా పట్టించుకోవాలి.

అయితే నా మనసులో నాటుకుపోయిన అధ్యయనం నెదర్లాండ్స్‌ది, 2003లో అచ్చయింది. కోల్ఫ్ దేశం అది. రెండు పద్ధతుల్లో ఏది మంచిదో శాస్త్రీయంగా తేల్చాలని, లాటరీ పద్ధతిలో సగం మందికి ఒకటి, సగం మందికి మరొకటి కేటాయించే ప్రయోగం తలపెట్టారు. అర్హులైన 773 మందిని అడిగారు. ఒప్పుకున్నవారు 38 మంది. తక్కినవారంతా రెండింటి గురించీ విన్నాక, నాకు ఇదే కావాలి అని తేల్చి చెప్పారు. ప్రయోగం కుంటుపడింది. కాని అది విఫలమైందని నేను అనుకోను. విషయం విడమరిచి చెబితే మనిషి తన బతుకుకు ఏది పొసగుతుందో తానే నిర్ణయించుకుంటాడు, దాన్ని లాటరీకి వదలడు. ఇంతకుమించిన ఫలితం ఏ ప్రయోగమూ ఇవ్వలేదు.

మన దగ్గర పరిస్థితి ఇందుకు విరుద్ధం. రోగి ఆయాసంతో, వాచిన కాళ్ళతో అత్యవసర విభాగానికి వస్తాడు. మెడలో గొట్టం వేసి అప్పటికప్పుడు డయాలసిస్ మొదలుపెడతారు. ఫిస్టులా చేతికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది, అంత వ్యవధి అప్పటికి ఉండదు. ఇంటి పద్ధతి ఒకటుందని చాలామంది ఏళ్ళు గడిచాక పక్క మంచం రోగి ద్వారా వింటారు. అడగని ఎంపికను ఎంపిక అనలేం.

చెప్పక తప్పని మరి రెండు మాటలు

మొదటిది స్త్రీల గురించి. భర్తకు డయాలసిస్ అయితే భార్య ఆటోలో వెంట వెళుతుంది, కూర నీళ్ళు వంచి వండుతుంది, కిడ్నీ ఇవ్వవలసి వస్తే ముందుకు వస్తుంది. దేశంలో బతికుండగా మూత్రపిండం దానం చేసేవారిలో అత్యధికులు స్త్రీలే, పుచ్చుకునేవారిలో అత్యధికులు పురుషులే. అదే జబ్బు ఆమెకు వస్తే చికిత్స ఆలస్యమవుతుంది, కొన్నిచోట్ల మొదలే కాదు. రోగి జీవన నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు ఆ మంచం పక్కన కూర్చున్న మనిషి జీవితాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. మూత్రపిండ మార్పిడి వీలైనవారికి అన్ని డయాలసిస్‌లకంటే మెరుగైన జీవితాన్ని ఇస్తుంది. 2013లో మొదలైన జీవన్‌దాన్ కార్యక్రమం ద్వారా మరణానంతర అవయవదానం పెరిగితే ఇళ్ళలోని స్త్రీల మీద ఆ భారం కొంతైనా తగ్గుతుంది.

రెండోది వృద్ధుల గురించి. అమెరికా వృద్ధాశ్రమాల్లో డయాలసిస్ మొదలుపెట్టిన 3,702 మందిని పరిశీలించిన అధ్యయనం 2009లో అచ్చయింది. ఏడాది తిరిగేసరికి 58 శాతం మంది చనిపోయారు. డయాలసిస్‌కు ముందున్న శక్తి నిలబెట్టుకున్నవారు 13 శాతమే. ఎనభై దాటి, గుండె, మెదడు కూడా దెబ్బతిన్న పెద్దాయనకు యంత్రం ఎక్కించడమే ప్రేమకు రుజువని కొడుకులు అనుకుంటారు. ఆయాసం, నొప్పి, దురద తగ్గించే మందులతో, ఇంట్లో, మనవల మధ్య ఉంచడం కూడా వైద్యమే. ఆ దారి ఒకటుందని చెప్పవలసిన బాధ్యత వైద్యునిది, తేల్చుకోవలసిన హక్కు ఆ పెద్దాయనది.

ఏం చేయాలి?

క్రియాటినిన్ పెరుగుతున్నదని తెలిసిననాడే, డయాలసిస్ అవసరమయ్యే కొన్ని నెలల ముందే, రోగినీ కుటుంబాన్నీ కూర్చోబెట్టి అన్ని దారులూ తెలుగులో, తీరిగ్గా వివరించాలి. రెండు పద్ధతులు చేసుకుంటున్న రోగులను పిలిచి వారి నోటనే చెప్పించాలి. జాతీయ కార్యక్రమం 2019లోనే పెరిటోనియల్ డయాలసిస్‌కు మార్గదర్శకాలు ఇచ్చింది. సంచులు నెలనెలా ఊళ్ళోకే చేరే ఏర్పాటూ, గొట్టం సంగతి చూడగల నర్సు మండల కేంద్రంలో ఉండే ఏర్పాటూ జరిగితే ఆ కాగితానికి ప్రాణం వస్తుంది. హీమోడయాలసిస్ ఎంచుకున్నవారికి వైద్యపరంగా అవసరమైన మూడో సెషన్ దూరాభారం వల్ల తప్పిపోకూడదు. కూలికి, కొలువుకు వెళ్ళేవారి కోసం సాయంత్రం షిఫ్టు నడపాలి. ప్రభుత్వం కేంద్రాలకు చెల్లించే లెక్కలో సెషన్ల సంఖ్యతో పాటు రోగి ఎలా ఉన్నాడన్నదీ చేరాలి.

ఇవన్నీ ఒక్క రోజులో జరిగేవి కావు. రేపటి నుంచే చేయదగినది ఒకటుంది. ఈ జిల్లాలో డయాలసిస్ చేస్తున్న వైద్యులకు, నర్సులకు, టెక్నీషియన్లకు నా విజ్ఞప్తి ఇది. ప్రతి రోగి కేస్ షీటులో ఒక పేజీ అదనంగా చేర్చండి. మూడు నెలలకోసారి నాలుగు ప్రశ్నలు అడిగి, అతను చెప్పిన మాటల్లోనే జవాబులు రాయండి. డయాలసిస్ అయ్యాక తేరుకోవడానికి ఎంతసేపు పడుతోంది? కిందటి వారం మీరు చేయాలనుకుని చేయలేకపోయిన పని ఏమిటి? మీ కోసం ఇంట్లో ఎవరు ఏ పని మానుకున్నారు? వేరే పద్ధతి గురించి మీకు ఎవరైనా చెప్పారా? జవాబులు రాశాక చికిత్సను ఆ జవాబులకు తగ్గట్టు మార్చే ప్రయత్నం చేయండి. రోగులుగా ఈ సభకు వచ్చినవారికీ ఒక మనవి. మిమ్మల్ని ఎవరూ అడగకపోయినా ఈ నాలుగు సంగతులూ మీరే చెప్పండి, మీకున్న దారులేమిటో అడగండి. అలా అడగడం మీ హక్కు. ఏ అవకాశమూ లేకుండా వెళ్ళిపోయిన మనవాళ్ళ పట్ల మనం నెరవేర్చవలసిన బాధ్యత కూడా అదే.